తొందరపడితే బొగ్గు పచ్చి!

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. నిదానమే ప్రధానం అన్నదీ వారే. విశాఖ ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్లలో ఈ రెండూ ఒకే షిఫ్టులో పాటించాలి.

ఒక్కో బ్యాటరీలో 67 ఓవెన్లు, 7 మీటర్ల ఎత్తు. ఓడల్లో వచ్చిన బొగ్గును వీటిలో పోసి, గాలి సోకకుండా 1000 డిగ్రీలకు పైబడిన వేడిలో సుమారు 16 గంటలు మగ్గబెడితే కోక్ అవుతుంది. ఆ లెక్కన ప్రతి పావుగంటకూ ఒక ఓవెన్ ఖాళీ చేసి, మళ్ళీ నింపాల్సిందే.

ఇందులో చురుకు లేకపోతే కుదరదు. ఖాళీ ఓవెన్ తలుపులు ఎక్కువసేపు తెరిచి ఉంచితే గోడల ఇటుకలు చల్లారి బీటలిస్తాయి.

అలాగని మగ్గకముందే తోసేస్తే లోపల బొగ్గు పచ్చిగా మిగిలిపోతుంది. తలుపు తీయగానే నల్లటి పొగ లేస్తుంది. పచ్చి కోక్‌కు గట్టిదనం ఉండదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో పైనున్న ఖనిజం బరువుకు నలిగి, గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఇక్కడ కలిసొచ్చిన సమయం అక్కడ పోతుంది.

తలుపుల సంగతీ అంతే. అంచులకు పట్టిన తారును ప్రతిసారీ గీకి తీయాలి. ఈసారికి ఫరవాలేదులే అని వదిలేస్తే తలుపు సరిగా బిగియదు. మళ్ళీ తీసేదాకా సందుల్లోంచి గ్యాస్ కారుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ పొగ పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఉందని వైద్యులు ఏనాడో తేల్చారు.

తలుపు తెరిచినప్పుడు చురుకు, మూసేముందు శుభ్రం, మూశాక ఓపిక. ఏది ఎక్కడో తెలిసినవాడే పనిమంతుడు. టన్నుల లెక్క అడిగే అధికారులు తారు గీకడానికి పట్టే నిమిషాలనూ లెక్కలో వేసుకోవాలి.