వేల పనుల్లో మనదేది?

ఏదైనా ఫ్రీలాన్సింగ్ సైట్‌లో ‘లోగో డిజైన్’ అని కొట్టి చూడండి. పేజీలకు పేజీలు పనులు వరుస కడతాయి. కొత్తగా చేరినవాళ్లకు ఆ జాబితా చూడగానే ప్రాణం లేచొస్తుంది. కనిపించిన ప్రతిదానికీ దరఖాస్తు పెడతారు. వారాలు గడుస్తాయి, ఒక్క జవాబూ రాదు. అందరికీ పనితనం చాలకే ఇలా అవుతోందనుకోను. తమకు సరిపడని పనుల వెంట పడటమే చాలామంది విషయంలో అసలు కారణం. వెతుకుపెట్టె పక్కన ఉండే ఫిల్టర్లను ఓపిగ్గా వాడటం నేర్చుకుంటే ఈ వృథా శ్రమ చాలా తప్పుతుంది.

శ్రమతో పాటు డబ్బూ మిగులుతుంది. 1999లో మొదలైన ఈలాన్స్, 2003లో వచ్చిన ఓడెస్క్ అనే ఫ్రీలాన్సింగ్ సైట్లు 2013లో విలీనానికి సిద్ధపడ్డాయి. 2015 నుంచి ఆ సంస్థ పేరు అప్‌వర్క్. అక్కడ దరఖాస్తు పెట్టాలంటే ‘కనెక్ట్స్’ ఖర్చు చేయాలి. ఒక్కో కనెక్ట్ 0.15 డాలర్లు. ఒక పనికి 12 కనెక్ట్స్ అడిగారనుకుందాం. 1.80 డాలర్లు పోయినట్టే. అలాంటివి పది పెడితే 18 డాలర్లు, అంటే పదిహేను వందల రూపాయల పైమాటే. డిగ్రీ పూర్తిచేసి ఇంకా ఇంట్లోవాళ్ల మీదే ఆధారపడ్డ పిల్లలకు ఇది తక్కువ సొమ్మేమీ కాదు.

కొత్తవాళ్ల చెయ్యి ముందు ధర మీదికో, ‘ఎంట్రీ లెవెల్’ అనే గడి మీదికో పోతుంది. నన్నడిగితే మొట్టమొదట చూడాల్సింది పని ఇచ్చేవారి చరిత్ర. ‘పేమెంట్ వెరిఫైడ్’ అని ఉంటే వాళ్లు డబ్బు చెల్లించే మార్గాన్ని సైట్ సరిచూసిందని అర్థం. గతంలో ఎవరినీ తీసుకోనివారు, 1 నుంచి 9 మందిని తీసుకున్నవారు, 10కి పైన తీసుకున్నవారు అంటూ ఇంకో ఫిల్టర్ ఉంటుంది. ఇవి పెట్టి వదిలేస్తే సరిపోదు, ప్రకటన తెరిచి పక్కనున్న వివరాలూ చదవాలి. 40 ప్రకటనలు వేసి ముగ్గురినే తీసుకున్న క్లయింట్ ఊరికే ధరలు కనుక్కుంటున్నారేమో. ఇప్పటిదాకా గంటకు సగటున 4 డాలర్లు ఇచ్చినవారు మీకు 20 ఇస్తారని ఆశ పెట్టుకోవద్దు. గతంలో పనిచేసినవాళ్లు ఆ క్లయింట్ గురించి రాసింది చదవండి. ఆ క్లయింట్ వాళ్ల గురించి రాసింది ఇంకా శ్రద్ధగా చదవండి. అందరిలోనూ తప్పులే వెతికినవారు మీ దగ్గరికొచ్చేసరికి మారిపోరు.

తర్వాతది పోటీ. ‘5 కంటే తక్కువ ప్రపోజల్స్’ అన్న గడి టిక్ చేస్తే అప్పుడే వచ్చిన పనులు, ఎవరి కంటా పెద్దగా పడని పనులు బయటపడతాయి. ఎప్పుడు వెతుకుతున్నామన్నదీ ముఖ్యమే. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదైతే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అమెరికా క్లయింట్లు పనిలో కూర్చునే వేళ అది. మనం తెల్లారి లేచి చూసేసరికి మంచి ప్రకటన కింద ప్రపోజల్స్ కుప్ప పడి ఉండొచ్చు. నచ్చిన ఫిల్టర్లతో వెతుకులాటను సేవ్ చేసి పెట్టుకుంటే రోజూ మొదట్నుంచీ టిక్కులు పెట్టే పని ఉండదు.

వెతికే మాటల దగ్గరా కిటుకులున్నాయి. రెండు మూడు మాటల్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే అవి అదే వరుసలో ఉన్న పనులే వస్తాయి. ‘నాట్’ అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో చేర్చి, వద్దనుకున్న మాట రాస్తే అది ఉన్న పనులు తొలగిపోతాయి. ‘ఆర్’ పెడితే ఈ మాట ఉన్నవీ, ఆ మాట ఉన్నవీ రెండూ వస్తాయి. తెలుగు మీద ఆధారపడి పనిచేసేవారికి ఈ చివరిది పెద్ద అండ. సబ్‌టైటిల్స్, వాయిస్ ఓవర్, రికార్డింగులు విని రాయడం, కృత్రిమ మేధ కోసం డేటా సిద్ధం చేయడం లాంటి పనులు ఇచ్చేవారు భాష పేరు ఎప్పుడూ విడిగా రాయరు. ‘ఇండియన్ లాంగ్వేజెస్’ అనో ‘సౌత్ ఇండియన్’ అనో రాసి ఊరుకుంటారు. ‘తెలుగు’ అని మాత్రమే వెతికేవారికి ఆ పని కనపడకుండానే పోతుంది.

అలాగని దొరికిన గడులన్నీ టిక్ చేయకూడదు. కన్నాలు మరీ సన్నమైతే జల్లెడలోంచి ఏదీ దిగదు. ఇంతవరకు ఎవరినీ తీసుకోని క్లయింట్ బెంగళూరులో కొత్తగా కంపెనీ పెట్టిన నిజాయితీపరులు కావచ్చు. ఇలాంటి చోట మొత్తం పనికి ఇంత అని మాట్లాడుకుని, మొదటి విడత సొమ్మును క్లయింట్ సైట్ దగ్గర జమ చేశాకే పని మొదలుపెట్టాలి.

2010లో ఇజ్రాయెల్‌లో మొదలైన ఫైవర్‌లో వ్యవహారం ప్రధానంగా అప్‌వర్క్‌కు తలకిందులు. అక్కడ ఫిల్టర్లు పెట్టి వెతికేది ఎక్కువగా కొనేవాళ్లు. ధర, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఏ భాష వచ్చు వంటివి చూసి ఎంచుకుంటారు. కాబట్టి ప్రొఫైల్‌లో ఒక్క గడి ఖాళీగా వదిలినా ఆ మేరకు మనం కనపడకుండా పోతాం. ఫైవర్ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది, ధర చెప్పేటప్పుడే అది లెక్కేసుకోవాలి.

ఏ ఫిల్టరూ పూర్తిగా ఆపలేని బెడద ఒకటుంది. ప్రకటన సైట్‌లోనే ఉంటుంది, మాటలు మాత్రం వెంటనే వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో మళ్లుతాయి. టైపింగ్ పని, డేటా ఎంట్రీ పని అంటారు. రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతారు, లేదా ఒప్పంద పత్రం మీద సంతకం చేయిస్తారు. పని చేసి పంపాక తప్పులున్నాయంటూ వేల రూపాయల జరిమానా కట్టమంటారు. కోర్టు ముద్రలతో దొంగ లీగల్ నోటీసులు పంపుతారు. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని ఆడపిల్లలు, గృహిణులు గుట్టుగా కట్టేస్తుంటే మనసు రగిలిపోతుంది. పని ఇచ్చేవారు మనకు డబ్బివ్వాలి, మన దగ్గర అడగకూడదు. అలాంటి నోటీసు వస్తే ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఆ మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి దాచండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.