ఏ నూనెకు ఆ ఇంధనం

చలికాలం తెల్లవారుజామున కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది. పక్కనున్న వేరుశనగ నూనె మాత్రం పారుతూనే ఉంటుంది. రెండూ నూనెలే కదా, ఈ తేడా ఎందుకు? దీనికి జవాబు తెలిస్తే బయోడీజిల్ సంగతి సగం తెలిసినట్లే.

నూనె అణువులో ఒక గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు అతుక్కుని ఉంటాయి. మిథనాల్, కొద్దిగా క్షారం కలిపి వేడిచేస్తే గ్లిజరాల్ విడిపోయి, గొలుసులు మిథైల్ ఎస్టర్లుగా మారతాయి. ఇవే బయోడీజిల్. ముడి నూనె డీజిల్ కంటే సుమారు పదిరెట్లు చిక్కన. బయోడీజిల్‌గా మారాక పలుచబడుతుంది గానీ, గొలుసుల గుణం పోదు.

ద్విబంధాలు లేని సంతృప్త గొలుసులు నిటారుగా ఉండి, కట్టెలమోపులా దగ్గరగా సర్దుకుంటాయి. అందుకే స్టియరిక్ ఆమ్లపు ఎస్టర్ 39 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఒక ద్విబంధం గల ఓలిక్ ఎస్టర్ వంపు తిరిగి ఉంటుంది కనుక మైనస్ 20 డిగ్రీల వరకు ద్రవంగానే ఉంటుంది. అలాగని ద్విబంధాలు ఎంత పెరిగితే అంత మంచిదనుకోరాదు. పొద్దుతిరుగుడు నూనెలోని లినోలిక్ ఆమ్లానికి రెండు ద్విబంధాలు. దాని ఎస్టర్ నిల్వలో గాలి తగిలి జిగురు కడుతుంది. సీటేన్ సంఖ్య తగ్గి, ఇంజన్‌లో ఆలస్యంగా అంటుకుంటుంది. మన దేశ ప్రమాణం ప్రకారం బయోడీజిల్ సీటేన్ సంఖ్య 51కి తగ్గరాదు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్తమే. కనుక దాని బయోడీజిల్ నిల్వకు మేలు, చలికి చేటు.

మన కానుగ నూనెలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఓలిక్ ఆమ్లమే. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళలు కానుగ మొక్కలు పెంచి, గింజల నుండి నూనె తీశారు. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే పదేళ్ళలో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు గాను ప్రపంచ బ్యాంకు 2003లో వారికి 645 డాలర్లు చెల్లించింది.

అయితే ఒక జాగ్రత్త. గింజలు తేమలో నిల్వ ఉంటే నూనెలో స్వేచ్ఛా ఆమ్లాలు పెరుగుతాయి. అప్పుడు క్షారం కలిపితే ఇంధనానికి బదులు సబ్బు తయారవుతుంది. ముందుగా ఆమ్లంతో, మిథనాల్‌తో శుద్ధి చేయాలి. ఉప్పుగాలి, తేమ ఉండే మా చిట్టమూరు వంటి తీరప్రాంతాల్లో గింజలను బాగా ఎండబెట్టడమే మొదటి మెట్టు.

ఏ నూనె అయినా ఒకటేనని ఇంజన్‌లో పోస్తే నష్టపోయేది రైతే. కనుక గింజను ఎంచుకునే ముందే దాని రసాయన శాస్త్రాన్ని తెలుసుకుందాం.