తొడ ఎముకకు తీగ మొలతాడు

తుంటి కీలు మార్పించుకున్న మనిషి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంటే, సర్జన్‌కు ఎదురయ్యే మొదటి చిక్కు చోటు చాలకపోవడం. మామూలుగా తొడ ఎముక విరిగితే మూలుగ ఉండే బోలులోకి పొడవాటి రాడ్ దింపుతారు. లేదా పక్కన ప్లేటు పెట్టి, ఎముక ఈ గోడ నుంచి ఆ గోడ దాకా స్క్రూలు బిగిస్తారు. ఇక్కడ బోలు ఖాళీగా లేదు. కృత్రిమ కీలుకున్న లోహపు కాడ, డాక్టర్లు స్టెమ్ అనేది, అప్పటికే అందులో దిగి ఉంది. రాడ్‌కు దారి లేదు. స్క్రూ దించితే లోహానికి తగిలి ఆగిపోతుంది.

ఈ చిక్కుకు మూలం ఒక గొప్ప విజయం. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో సర్జన్ జాన్ చార్న్‌లీ కృత్రిమ తుంటి కీలుకు మొదట టెఫ్లాన్ గిన్నెలు వాడాడు. అవి అరిగిపోయాయి. 1962 చివర్లో ఆయన గట్టి పాలిథీన్‌కు మారాడు. పాలిథీన్ గిన్నెలో చిన్న లోహపు గుండు, ఎముకలో సిమెంటుతో నిలబెట్టిన స్టెమ్: ఈ కూర్పు ఏళ్ల తరబడి నిలిచింది. దాంతో నడిచిన మనుషులు మాత్రం ముసలివాళ్లయ్యారు, వాళ్ల ఎముకలు పలచబడ్డాయి. గిన్నె నుంచి అరిగి రాలిన సన్నని పొడి, స్టెమ్ చుట్టూ ఉన్న ఎముక కరగడానికి కారణమైంది. పైగా గట్టి లోహం ఆగిపోయి, ఎముక ఒంటరిగా బరువు మోయడం మొదలయ్యే చోట, అంటే స్టెమ్ కొస దగ్గర, ఒత్తిడి పోగవుతుంది. పడినప్పుడు చాలాసార్లు పగులు అక్కడే వస్తుంది.

ఒకప్పుడు ఇలా ఎముక విరిగిన చాలామందిని కాలికి బరువు కట్టి వారాల తరబడి మంచం మీదే ఉంచేవారు. ఎముక అతుక్కునేలోపే పుళ్లు పడేవి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరేది, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టేది.

లోపలికి దారి లేకపోతే బయటి నుంచి చుట్టి బిగించాలి. 1978లో సర్జన్ ఆగ్డెన్ వివరించిన ప్లేటు ఈ ఆలోచనతో వచ్చిందే. స్టెమ్ ఉన్న పైభాగంలో లోహపు పట్టీలు, కింద ఖాళీ ఎముకలో మామూలు స్క్రూలు. ఆ పట్టీలు కొత్తవేమీ కావు. న్యూ ఆర్లియన్స్ సర్జన్ పార్హమ్ పేరుతో 20వ శతాబ్దం తొలి దశకాల నుంచే ఉన్నాయి.

పట్టీ స్థానంలోకి తరవాత కేబుల్ వచ్చింది. అది పుట్టింది వేరే పనికి. కీలు దాకా చేరడానికి చార్న్‌లీ పద్ధతిలో తొడ ఎముక పైకొసన ఉండే బొడిపెను కోసి పక్కకు తప్పించి, పని అయ్యాక వైరుతో తిరిగి కట్టేవారు. ఆ ఒంటి వైరు తరచు తెగేది. సన్నని పోగులు అనేకం పేని చేసిన కేబుల్‌ను, బొడిపెను పట్టుకునే లోహపు కొక్కేన్ని జోడించి డాల్, మైల్స్ అనే ఇద్దరు 1983లో తమ పద్ధతిని ప్రచురించారు. అదే కేబుల్ తరవాత పొడవాటి ప్లేటుతో కలిసి విరిగిన తొడ ఎముకకు మొలతాడయింది.

మొలతాడుకు ఒక బలహీనత ఉంది. ప్లేటు ఎముక నుంచి పక్కకు లేవకుండా అది ఆపగలదు గానీ, ఎముక మెలి తిరగడాన్నీ కిందికి జారడాన్నీ అంత గట్టిగా ఆపలేదు. 2000 తరవాత వాడుకలోకి వచ్చిన లాకింగ్ ప్లేట్లు ఈ లోటును చాలావరకు తీర్చాయి. వీటిలో స్క్రూ తలకూ ప్లేటు రంధ్రానికీ మరలు ఉంటాయి కాబట్టి రెండూ ఒకటిగా బిగుసుకుంటాయి. ఎముక ఒక గోడలోనే దిగిన పొట్టి స్క్రూ కూడా పట్టు ఇస్తుంది. స్టెమ్‌కు అటూ ఇటూ ఏటవాలుగా స్క్రూలు దూర్చేందుకు, ప్లేటుకు తగిలించే చిన్న రెక్కలూ వచ్చాయి.

అయినా కొన్ని ప్లేట్లు విరిగాయి. తప్పు ప్రతిసారీ ప్లేటుదే కాదు, ఏ పగులుకు వేశారన్నదీ ముఖ్యం.

కెనడాలోని వాంకూవర్‌లో డంకన్, మస్రీ 1995లో వెలువరించిన వర్గీకరణ అడిగేది మూడే ప్రశ్నలు: పగులు ఎక్కడ? స్టెమ్ గట్టిగా ఉందా? ఎముక మిగిలిందా? పగులు స్టెమ్ దగ్గర ఉండి, స్టెమ్ కదలకపోతే బీ1, దానికి ప్లేటు చాలు. వదులైతే బీ2, ఎముక కూడా శిథిలమైతే బీ3. ఈ రెండింటికీ పాత స్టెమ్ తీసి కొత్తది వెయ్యాలి. స్వీడన్‌లో తుంటి మార్పిళ్లను నమోదు చేసే జాతీయ రిజిస్టర్‌లోని వెయ్యికి పైగా కేసులను 2005లో విశ్లేషిస్తే, ఎక్కువ మందిలో స్టెమ్ అప్పటికే వదులై ఉందని తేలింది. బీ1 అనుకుని ప్లేటు వేసినవి ఎక్కువగా విఫలమవడానికి అదో కారణమై ఉండొచ్చని పరిశోధకులు అనుమానించారు. ఎక్స్‌రేలో గట్టిగా కనిపించిన స్టెమ్ లోపల కదులుతూ ఉండొచ్చు.

వదులైన స్టెమ్‌కు మందు జర్మన్ సర్జన్ హైంజ్ వాగ్నర్ 1987లో తెచ్చిన పొడవాటి టైటానియం స్టెమ్. కొసకు సన్నబడుతూ, ఒంటి నిండా నిలువు గాట్లతో, సిమెంటు లేకుండా పగులు దాటి కింద ఉన్న మంచి ఎముకను పట్టుకుంటుంది. తరవాత ఇదే బాటలో అనేక నమూనాలు వచ్చాయి.

ఇప్పుడు వాదన నునుపైన సిమెంటు స్టెమ్‌ల మీద నడుస్తోంది. ఎముకకూ సిమెంటుకూ మధ్య పట్టు చెడకుండా ముక్కలు సరిగ్గా కూర్చగలిగితే, బీ2 అయినా ప్లేటుతోనే సరిపెట్టవచ్చని కొందరు సర్జన్లు అంటున్నారు. ఎనభై ఏళ్ల రోగికి ఆపరేషన్ చిన్నదవుతుంది, రక్తం తక్కువ పోతుంది. మిగతావాళ్లు ఒప్పుకోవడం లేదు. వాదన ఎలా ఉన్నా, ఎక్స్‌రేను పూర్తిగా నమ్మలేక సర్జన్లు ఆపరేషన్ బల్ల పక్కన కేబుల్ ప్లేట్లూ పొడవాటి స్టెమ్‌లూ రెండూ సిద్ధంగా ఉంచుకుని, ఎముక తెరిచి స్టెమ్‌ను కదిపి చూశాకే ఏది వాడాలో తేల్చుకుంటారు.