వాహనం వెనుక తలుపు గొళ్లెం: లోపాలు, మరమ్మతు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల రైతు కుటుంబాలలో పాత బొలెరో, సుమో వంటి ఎస్‌యూవీలు వాడుకలో ఉన్నవి. హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు చేర్చవలెనన్నా, ఊరికి వేరుసెనగ విత్తనం తెచ్చుకొనవలెనన్నా ఇవే ఆధారం. ఆదివారం ఇంటిల్లిపాది ప్రయాణం చేసేదీ వీటిలోనే. ఇట్టి వాహనాల వెనుక తలుపు పడకపోతే కొందరు తాడుతో బిగించి నడుపుచుందురు. మేము పల్లెలకు పోయినపుడు ఈ అలవాటును పలుమార్లు చూచితిమి. ఇది ప్రమాదకరం. గోతిలో చక్రం పడినపుడు తాడు తెగినచో వెనుక సీటులోని పిల్లలు రోడ్డు మీద పడుదురు. వేరొక అపాయం కంటికి కనిపించదు. వాహనం పోవుచుండగా దాని వెనుక గాలి సుడి తిరుగును. తలుపు సందు ఉన్నచో ఇంజను పొగ ఆ సందు గుండా లోనికి వచ్చును. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు, వాసన లేవు. తలనొప్పి, మగత కలిగించి ప్రాణం తీయగలదు.

గొళ్లెం పనిచేయు తీరు: తలుపు అంచున ఉన్న లాకులో చీలిన నోరు గల ఇనుప కొక్కెం ఉండును. వాహనపు చట్రానికి బిగించిన కమ్మీకి ఇది తగిలి తిరిగి, దానిని పట్టుకొనును. లోపల ఉన్న చిన్న మీట కొక్కెమును వెనుకకు తిరుగనీయక ఆపును. తలుపు వేయునపుడు రెండు మార్లు ‘టక్’ మని వినవచ్చును. మొదటి శబ్దం సగం పడినట్లు; రెండవది పూర్తిగా పడినట్లు. సగం పడిన తలుపును పడినదని నమ్మరాదు.

లాకు మార్చుటకు ముందు లోపం ఎచ్చట ఉన్నదో తెలిసికొనవలెను. చాలమంది మొదటనే కొత్త లాకు కొందురు. తలుపు జారి ఉన్నచో కొత్త లాకు కూడ పడదు; డబ్బు వృథా యగును. ఈ క్రింది పరీక్షలు వరుసగా చేయవలెను.

1. తలుపు తెరచి, స్క్రూడ్రైవరుతో కొక్కెమును రెండు శబ్దములు వచ్చువరకు త్రోయవలెను. పిమ్మట పిడి లాగవలెను. కొక్కెం నిలిచి, పిడి లాగగానే విడినచో లాకు మంచిదే. కొక్కెం విడిపించకుండ తలుపు వేయరాదు. వేసినచో లాకు విరుగును.

2. కొక్కెం బిగుసుకొని ఉన్నచో దుమ్ము, ఎండిన గ్రీజు కారణం. వానలు తక్కువై దుమ్ము ఎక్కువగా లేచు మన మట్టిదారులలో ఇది సాధారణం. కిరసనాయిలు, పాత బ్రష్షుతో కడిగి, పూర్తిగా ఆరిన పిదప కొద్దిగా కొత్త గ్రీజు వేయవలెను. ఈ పని నిప్పుకు దూరంగా చేయవలెను. వాడి తీసిన ఇంజను ఆయిలు వేయరాదు. అది దుమ్మును పట్టి మరల బిగించును.

3. కొక్కెం తిరిగియు నిలువనిచో లోపలి స్ప్రింగు విరిగియుండును, లేదా మీట అరిగియుండును. అప్పుడు మాత్రమే లాకు మార్చవలెను.

4. పిడి వదులుగా ఆడుచు గొళ్లెం విడనిచో, తలుపు లోపలి అట్ట విప్పి కడ్డీని చూడవలెను. కడ్డీని పట్టి ఉంచు ప్లాస్టిక్ క్లిప్పు విరుగుట సామాన్యం. క్లిప్పు ఖరీదు స్వల్పం.

5. లాకు మంచిదైనను తలుపు పడనిచో, తెరచిన తలుపు కొసను పట్టుకొని పైకి ఎత్తి చూడవలెను. ఆడినచో బందులు అరిగినవి. ప్రక్కకు తెరచుకొను తలుపుకు స్టెప్నీ తగిలించిన వాహనాలలో, ఆ బరువు ఏండ్ల తరబడి బందులను లాగుచుండును. స్టెప్నీ దింపి, ఒకరు తలుపును ఎత్తిపట్టుకొనగా బోల్టులు బిగించవలెను. బందుల పిన్నులు అరిగినచో వెల్డింగు షాపులో మార్పించవలెను.

6. బందులు సరిగా ఉన్నచో చట్రముపై కమ్మీ స్థానం చూడవలెను. మొదట దాని చుట్టు పెన్సిలుతో గీత గీయవలెను. బోల్టులు కొద్దిగా వదులు చేసి, ఒక్కొక్క మిల్లీమీటరు చొప్పున జరిపి, బిగించి తలుపు వేసి చూడవలెను. పొరపాటైనచో గీత ఆధారంతో పాత స్థానానికి తేవచ్చును.

చివరగా రబ్బరు అంచుకు తలుపుకు నడుమ కాగితపు ముక్క నుంచి తలుపు వేసి లాగవలెను. నాలుగు వైపుల బిగువుగా వచ్చినచో పని చక్కగా జరిగినట్లు. సులభంగా జారినచోట సందు ఉన్నది.

దారిలో గొళ్లెం చెడి, మెకానిక్ వద్దకు పోక తప్పనిచో, వెనుక ఎవరినీ కూర్చుండబెట్టక, సరుకు దింపి, కిటికీలు తెరచి, మెల్లగా పోవలెను.

ప్రతి పంట కాలమునకు ముందు ఒకసారి గొళ్లెం శుభ్రం చేసి గ్రీజు వేసిన రైతునకు, సంత రోజు తెల్లవారుజామున తాడు వెదకు పని ఉండదు.