చేపల తొట్టి అడుగున ఏ మన్ను?

అద్దాల తొట్టిలో చేపలతోపాటు నీటి మొక్కలను పెంచవలెనను ముచ్చట పలువురకు కలదు. తొట్టిని, దీపమును, చేపలను ఏరి కోరి తెచ్చుకొందురు. అడుగున పరచవలసినదానిని మాత్రము తుదకు తలచుకొందురు. మేమును మొదట అట్లే చేసితిమి. ఏటి ఇసుకను తేట నీరు తేరువరకు కడిగి పరచి, వాలిస్నేరియా మొక్కలను నాటితిమి. నెల తిరుగకముందే ఆకులు పసుపువారి కుళ్ళినవి. నీరు చెడి చేపలును చచ్చినవి. మొక్కలకు చోటిచ్చితిమి గాని అన్నము పెట్టలేదని అప్పుడు తెలిసినది.

కడిగిన ఇసుక వేళ్ళను నిలుపును గాని పోషింపజాలదు. బంకమన్ను రేణువులపై ఋణ విద్యుదావేశ ముండును. కావున అది అమోనియము, పొటాషియము, ఇనుము మున్నగు ధనావేశము గల పోషకములను పట్టియుంచి, వేళ్ళకు కొంచెము కొంచెముగా అందించును. 1850లో లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయనవేత్త రెండు చిన్న బంగారు చేపలను వాలిస్నేరియాతో కలిపి పెంచిన ప్రయోగమును ప్రకటించెను. ఆయనయు అడుగున ఇసుకతోపాటు బురదను వేసెను.

మనకు సులభమైన పద్ధతి యిది. ఎరువు కలియని తోటమన్నును జల్లించి, అంగుళము మందమున పరచి తడుపవలెను. దానిపై రెండు మూడు మిల్లీమీటర్ల పలుకులుగల గరుకు ఇసుకను అంగుళమున్నర కప్పవలెను. పేడ యెరువు కలిసిన మన్ను కూడదు. అది కుళ్ళి అమోనియాను పుట్టించును. మెత్తని ఇసుకను మందముగా పోసినచో లోపల ప్రాణవాయువు సోకక, కుళ్ళిన గ్రుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు పుట్టవచ్చును. సముద్రపు ఇసుకలో గుల్లల ముక్కలుండును. ఇసుకపై వెనిగరు చుక్కలు వేసినప్పుడు బుడగలు పొంగినచో, అది నీటి కాఠిన్యమును పెంచునని గ్రహింపవలెను. అంగళ్ళలో అమ్ము మట్టిగుళికలును మంచివే; అయితే వెల హెచ్చు, కాలక్రమమున సారమును తరుగును.

అన్ని మొక్కలకు మన్ను అక్కరలేదు. జావా ఫెర్ను, అనూబియాసు మొక్కల దుంపకాడను పాతిపెట్టినచో కుళ్ళును. వానిని రాతికో కర్రకో కట్టవలెను.

మొక్కలు నాటిన పిదప మూడు నాలుగు వారములు చేపలను వదలక, అప్పుడప్పుడు కొంత నీటిని మార్చుచుండవలెను. పరీక్షలో అమోనియా జాడ కనబడనప్పుడే చేపలను తేవలెను. మా రెండవ తొట్టికి మేమట్లే చేసితిమి. చేపలు ఎప్పుడు వచ్చునని ఇంటి పిల్లలు దినదినమును అడుగుచుండిరి. ముందు క్రొత్త ఆకులు వచ్చునని చెప్పితిమి. అవియే ముందు వచ్చినవి.