యంత్రం మేల్కొన్నప్పటి మాటలు

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాల కర్మాగారాలలో ఒక షిఫ్టువారు దిగిపోయేముందు జరిగిన విశేషాలను లాగ్‌బుక్కులో వ్రాసి, రాబోయేవారికి అప్పగించడం ఆనవాయితీ. ముఖ్యంగా ఔషధాల తయారీలో పని నడుమ ఆగితే, అందుకు కారణం వ్రాతపూర్వకంగా చూపవలసి ఉంటుంది. ఆ పనిని నడిపించే కంప్యూటరుకు సైతం ఇటువంటి పుస్తకం ఒకటి ఉన్నది.

మీట నొక్కగానే కంప్యూటరు తన అంగాలను ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటుంది. జ్ఞాపకస్థానం ఎంత ఉన్నది, ఏ డిస్కు కనిపించినది, ఏ పరికరం పలుకలేదు అనే సంగతులను వరుసగా వ్రాసుకుంటుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ వ్యవస్థను ఉదాహరణగా తీసుకుందాము. కంది ఐ.ఐ.టి.లోని పరమ్ సేవ మహాకంప్యూటరు నడిచేది ఈ వ్యవస్థ మీదనే.

ఈ తొలి వ్రాత పలకమీది వ్రాత వంటిది. వ్యవస్థకు మూలమైన కెర్నెల్ దీనిని తాత్కాలిక జ్ఞాపకంలో ఒక పరిమిత స్థలంలో ఉంచుతుంది. ఆ స్థలం నిండితే పాత పంక్తులు చెరిగి కొత్తవి వస్తాయి. యంత్రాన్ని ఆపి తిరిగి ప్రారంభిస్తే పలక మొత్తం తుడిచిపెట్టుకొని పోతుంది.

కనుక పలకమీది మాటలను పుస్తకానికెక్కించే గుమాస్తా ఒకడు కావాలి. 1980ల దశకంలో ఎరిక్ ఆల్మన్ రూపొందించిన సిస్‌లాగ్ అట్టి గుమాస్తా. నేడు అనేక లినక్స్ యంత్రాలలో సిస్టమ్‌డీ జర్నల్ ఈ పని చేస్తున్నది. ఇది ప్రతి ప్రారంభానికి ఒక ప్రత్యేక సంఖ్యను తగిలిస్తుంది. అందువల్ల నిన్నటి ప్రారంభపు మాటలను నేటివాటితో కలవకుండా చదువవచ్చును. అయితే చాలా యంత్రాలలో డిస్కుపై ‘వార్’, దానిలో ‘లాగ్’, దానిలో ‘జర్నల్’ అనే అర ఉంటేనే ఈ వ్రాత నిలుస్తుంది. లేకున్న గుమాస్తా సైతం పలకమీదనే వ్రాస్తాడు.

ఇంకొక చిక్కు ఉన్నది. సామాన్య సందేశాలు డిస్కులో స్థిరపడడానికి 5 నిమిషాల వరకు పట్టవచ్చు. అతి తీవ్రమైనవి మాత్రమే వెంటనే స్థిరపడతాయి. హఠాత్తుగా విద్యుత్తు పోతే, మనకు మిక్కిలి అవసరమైన చివరి మాటలే దక్కకపోవచ్చు. కెర్నెలే కూలిపోతే వ్రాసే గుమాస్తా సైతం ఉండడు. అట్టి సమయానికై కొన్ని యంత్రాలలో ‘పీస్టోర్’ అనే ఏర్పాటు కలదు. అది కడపటి మాటలను, విద్యుత్తు లేకున్నా చెరగని చిన్న జ్ఞాపకంలో మరణవాంగ్మూలం వలె భద్రపరుస్తుంది.

కావున కర్మాగారంవారు మూడు జాగ్రత్తలు పాటించడం మేలు: జర్నల్ అర ఉన్నదో లేదో చూచుకొనడం, యంత్రానికి యు.పి.ఎస్. అమర్చడం, సందేశాల ప్రతిని ఎప్పటికప్పుడు మరొక కంప్యూటరుకు పంపడం. యంత్రం ఆగిన తరువాత ఈ ఏర్పాట్లు చేసినా, పోయిన మాటలు తిరిగి రావు.