నెల్లూరు తీరంలో బుట్టల అల్లిక: శిక్షణకు పునాది ఏది?

ఉపోద్ఘాతం:
బుట్ట, గంప, తట్ట, చేట, జల్లెడ, గాదె వంటి పేర్లు తెలుగువారి వ్యవసాయ జీవితంలో అల్లికకు ఉన్న స్థానాన్ని తెలుపుతాయి. నెల్లూరు తీరప్రాంతంలో ఈ వస్తువులను తరతరాలుగా అల్లుతున్నవారిలో మేదరులు, ఎరుకలవారు ముఖ్యులు. వీరికి ఇచ్చే వృత్తి శిక్షణ ఎలా ఉండాలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పేర్లలో నిలిచిన వృత్తి:
ఎరుకలవారి శాఖల పేర్లలోనే వృత్తి చరిత్ర ఉంది. వెదురును నిలువునా చీల్చిన బద్దను ‘దబ్బ’ అంటారు. దానితో బుట్టలు అల్లేవారు దబ్బ ఎరుకలవారు. ఈతపుల్లలతో అల్లేవారు ఈతపుల్లల ఎరుకలవారు. ఉప్పు అమ్మకం వృత్తిగా గలవారు ఉప్పు ఎరుకలవారు. ముడిసరుకే శాఖ పేరైనదంటే, ఆ సరుకు గురించిన జ్ఞానం ఎంత పాతదో ఊహించవచ్చు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి వ్యవసాయ పదాలను సేకరించి, వృత్తిదారుని మాటలోనే వృత్తి శాస్త్రం ఉందని నిరూపించింది. అల్లిక శిక్షణకూ ఆ మాటలే పాఠ్యభాష కావాలి.

గతం నేర్పే పాఠం:
వలస ప్రభుత్వం ఎరుకలవారిని నేరస్థ తెగల చట్టం కిందికి తెచ్చింది. కావలి ప్రాంతంలోని కప్పరాళ్లతిప్పలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిర్వహణలో సెటిల్‌మెంట్ ఏర్పడింది. అటువంటి సెటిల్‌మెంట్లలో పని నేర్పడమంటే మనిషిని సంస్కరించడమే అన్న భావన ఉండేది. 1952లో ఆ చట్టం దేశవ్యాప్తంగా రద్దయింది. వృత్తిదారుని ఏమీ తెలియనివానిగా చూసే దృష్టి మాత్రం నేటి శిక్షణలో మిగలకూడదు.

నేటి పథకం:
2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో బుట్టలు, చాపలు, చీపుళ్ల తయారీ ఒకటి. ఇందులో 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, 15 రోజులు లేదా అంతకు మించిన ఉన్నత శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల సాయం ఉన్నాయి. అయితే కుటుంబంలో ఒకరికే నమోదు అవకాశం ఉంది. అల్లిక ఇంటిల్లిపాది పని. ఒకరు వెదురు చీలుస్తారు, మరొకరు అడుగు వేసి అల్లుతారు, ఇంకొకరు అంచు కట్టి సంతకు తీసుకువెళతారు. ఒక్కరి పేరే నమోదైతే మిగిలినవారి, ముఖ్యంగా స్త్రీల శ్రమ లెక్కకు రాదు.

నేర్పవలసిన అంశాలు:
వారం రోజులలో అల్లిక రాదు, అల్లేవారికి అది నేర్పనవసరమూ లేదు. వారికి కొత్తగా ఉపకరించే అంశాలు మూడు. మొదటిది సరుకు రక్షణ. వెదురులోని పిండిపదార్థం పురుగును ఆకర్షిస్తుంది, తీరంలోని తేమ బూజుకు కారణమవుతుంది. నీటిలో నానబెట్టడం, బోరాక్స్-బోరిక్ ఆమ్ల ద్రావణంలో ముంచి ఆరబెట్టడం వెదురుకు పురుగు పట్టకుండా కాపాడతాయి. రెండవది, పెద్ద కొనుగోలుదారులు కోరే ఒకే కొలత. మూడవది, ఇంటివారందరి పనిగంటలను కలిపి ధర కట్టడం.

ముడిసరుకు సంగతి వీటికన్నా ముఖ్యం. 2017 అటవీ చట్ట సవరణ అటవీయేతర భూములలోని వెదురును చెట్టు నిర్వచనం నుంచి తొలగించింది. పొలం గట్ల మీద వెదురు పెంపకాన్ని శిక్షణతో జోడించడానికి ఇది వీలు కల్పిస్తుంది.

ముగింపు:
ప్లాస్టిక్ తట్టతో ధరలో పోటీ పడలేని చేతివృత్తికి ధ్రువపత్రం మాత్రమే ఆసరా కాలేదు. అనుభవజ్ఞులైన అల్లికదారులనే శిక్షకులుగా గుర్తించి, వేతనమిచ్చి, వారి పదజాలంతోనే పాఠాలు రూపొందించాలి. వెదురు, ఈత అందుబాటులో ఉండి, ఇంట్లో ప్రతి చేతి శ్రమకూ విలువ దక్కినప్పుడే తరువాతి తరం ఈ వృత్తిలో నిలుస్తుంది.